గ్రూప్ వర్క్, టీమ్ వర్క్: మళ్లీ మళ్లీ అడిగే డౌట్లు

జూన్‌లో బడులు తెరవగానే తల్లిదండ్రులు, చివరి సెమిస్టర్ మొదలయ్యాక బీటెక్ పిల్లలు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్రెషర్లు. అడిగే మనుషులు మారుతుంటారు, అడిగేది మాత్రం మారదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎనిమిదేళ్లు సోషల్ చెప్పి, తర్వాత మాదాపూర్‌లో కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే పనిలో పడ్డాను కాబట్టి రెండు వైపుల డౌట్లూ నా ఫోన్‌కే వస్తాయి. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

కలిసి చదివితే నిజంగా బుర్రకెక్కుతుందా? కబుర్లతోనే సరిపోతుంది కదా?

రెండూ జరుగుతాయి. ఏది ఎక్కువ జరుగుతుందన్నది ఇచ్చిన పనిని బట్టి ఉంటుంది. ఎక్కాలు, స్పెల్లింగులు, పద్యాలు ఎవరికి వారు కంఠతా పట్టుకోవాల్సినవి. నలుగురు చుట్టూ కూర్చుని పదమూడో ఎక్కం చదివితే ఒరిగేదేమీ లేదు. అదే, భిన్నాలు కూడేటప్పుడు హారాలు ఎందుకు సమానం చేయాలో ఒక పిల్ల ఇంకో పిల్లకి చెప్పాల్సి వచ్చిందనుకోండి. చెప్పే పిల్లకి తనకు ఎక్కడ తెలియదో అక్కడే బయటపడుతుంది. వినే పిల్లకి తన ఈడు మాటల్లో పాఠం అందుతుంది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచి ఈ పద్ధతినే నడిపారు. ప్రశ్న వేసి, ముందు ఎవరికి వారు జవాబు ఎంచుకోమంటారు. తర్వాత పక్కవాళ్లను ఒప్పించమంటారు. ఆపైన మళ్లీ జవాబు అడుగుతారు. రెండోసారి సరైన జవాబులు పెరుగుతాయి. ఇందులో మనవాళ్లు వదిలేసేది మొదటి మెట్టుని. ఒంటరిగా ఆలోచించే ఆ రెండు నిమిషాలు ఇవ్వకుండా "డిస్కస్ చేసుకోండి" అంటే, తెలిసినవాడు చెప్తాడు, మిగతావాళ్లు రాసుకుంటారు. దాన్ని డిక్టేషన్ అంటారు.

గ్రూపులో ఎంతమంది ఉంటే బాగుంటుంది?

బడిలో అయితే నలుగురు. ముగ్గురున్నా నడుస్తుంది. ఆఫీసులో ఒక పని మీద ఐదారుగురు దాటితే నాకు భయమే.

ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచారు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. మనుషులు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగింది కానీ, ఒక్కొక్కరు లాగేది తగ్గుతూ వచ్చింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం. ఎలాగూ పక్కవాడు లాగుతున్నాడులే అన్న ధీమా ఇంకో కారణం.

మాటల లెక్క కూడా ఉంది. నలుగురు ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునే జతలు 6. ఆరుగురైతే 15. పదిమందైతే 45. శనివారం ఎక్కడ కలుద్దామో తేల్చడానికి పదిమంది ఉన్న వాట్సాప్ గ్రూపుకి ఆదివారం దాకా పట్టేది అందుకే.

ఫ్రెండ్స్‌నే ఒక గ్రూపుగా కూర్చోనిస్తే పోలా? లేకపోతే ర్యాంకుల ప్రకారం చేయాలా?

ఫ్రెండ్స్‌ని ఎంచుకోమంటే ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఎవరికీ అక్కర్లేని పిల్లలు గోడ పక్కన నిలబడి మిగిలిపోతారు. ఆ దృశ్యం ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ ఆ పద్ధతి జోలికి పోరు. టాపర్లందరినీ ఒక గ్రూపులో వేస్తే నలుగురూ నాలుగు ప్రాజెక్టులు చేసి చివర్లో పిన్ను కొడతారు. మిగతా గ్రూపులు "మాకెలాగూ రాదులే" అని కూర్చుంటాయి.

గ్రూపులు టీచరే వేయాలి, కలిపి వేయాలి. హైదరాబాద్‌లో కలపడానికి మార్కులొక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, మార్వాడీ పిల్లలు, పాలమూరు నుంచి ఈ ఏడే వచ్చి చేరినవాళ్లు, ఇంగ్లీషులో తప్ప నోరు తెరవనివాళ్లు ఒకే సెక్షన్‌లో ఉంటారు. ఒక్క జాగ్రత్త: కొత్తగా వచ్చిన భాష రాని పిల్లని ఒంటరిగా ఒక గ్రూపులో పడేయకండి, తన భాష వచ్చినవాళ్లు ఇంకొకరైనా ఉండేలా చూడండి. ఆరేడు వారాలకోసారి గ్రూపులు మార్చండి.

మా బాబుని లీడర్‌ని చేయలేదు. టీచర్‌తో మాట్లాడాలా?

వద్దండీ. నలుగురి గ్రూపుకి లీడర్ అవసరమే లేదు. రాసేవాళ్లు ఒకరు, టైమ్ చూసేవాళ్లు ఒకరు, "ఎందుకు?" అని అడిగేవాళ్లు ఒకరు, క్లాసుకి చెప్పేవాళ్లు ఒకరు. వారం వారం ఆ పనులు మారుతుంటే చాలు. లీడర్ అని పేరు పెట్టిన మరుక్షణం మిగతా ముగ్గురు పని మానేసి ఆర్డర్ల కోసం ఎదురుచూస్తారు.

## బడిలో

గ్రూప్ వర్క్ ఇస్తే క్లాసంతా గోల. హెడ్‌మాస్టర్ గుమ్మంలోకి వచ్చి చూస్తే ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న నాకు ఎక్కువగా యువ టీచర్ల నుంచి వస్తుంది, పాపం టెన్షన్‌గానే అడుగుతారు. ముందే వెళ్లి చెప్పడం మేలు: "సార్, ఈ పీరియడ్‌లో పన్నెండు నిమిషాలు సందడి ఉంటుంది." చెప్పకపోతే గోల, చెప్తే పాఠం. పేరు మారిందంతే, కానీ మన బళ్లలో ఆ తేడాకి విలువుంది.

చిన్నగా మొదలుపెట్టాలంటే 1981లో అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీకి చెందిన ఫ్రాంక్ లైమన్ చెప్పిన మూడు మెట్ల పద్ధతి చాలు. ఒక నిమిషం ఒంటరిగా ఆలోచించు, రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడు, తర్వాత క్లాసుకి చెప్పు. బెంచీలు కదపక్కర్లేదు, చార్టులు అక్కర్లేదు, యాభై మంది ఉన్న సెక్షన్‌లో కూడా కుదురుతుంది. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే ఆరుగురు ఎదురెదురుగా ఉంటారు, ముగ్గురు ముగ్గురుగా విడగొట్టుకోవచ్చు. ఆపడానికి ఒక సైగ ముందే నేర్పండి. నేను చెయ్యి పైకెత్తేదాన్ని, చూసిన పిల్లలు తమ చెయ్యి ఎత్తేవాళ్లు, పది సెకన్లలో సద్దుమణిగేది. మొదటి వారం నాలుగు నిమిషాలు పట్టిందని కూడా చెప్పాలి.

జిగ్‌సా పద్ధతి అంటే ఏమిటి? మన సిలబస్‌తో, నలభై నిమిషాల పీరియడ్‌తో అయ్యే పనేనా?

అవుతుంది. ఏడాదికి నాలుగైదు పాఠాలకే చేయండి, అన్నింటికీ వద్దు.

దీని పుట్టుక 1971లో, టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో. అప్పటిదాకా విడివిడి బళ్లలో చదివిన నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ అమెరికన్ పిల్లల్ని ఒకే క్లాసులోకి తెచ్చారు. పిల్లలు కొట్టుకుంటున్నారు. ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తని పిలిస్తే, ఆయన క్లాసు చూసి, గొడవకి మూలం పోటీలో ఉందన్నారు. టీచర్ ప్రశ్న వేస్తే ఎవరు ముందు చెయ్యెత్తుతారన్నదే ఆట అక్కడ. దాన్ని తిప్పేసి, పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో పిల్లకి ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతా ముక్కలు కావాలంటే పక్క పిల్ల చెప్పేది వినడం తప్ప వేరే దారి లేదు.

నేను తొమ్మిదో తరగతిలో చేసింది మూసీ వరద మీద. నాలుగు చీటీలు రాశాను. మొదటిది: 1908 సెప్టెంబరు 28న ఊళ్లో ఏం జరిగింది, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి (ఇప్పటి ఉస్మానియా) తోటలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ఎలా బతికారు. రెండోది: ఎందుకు వచ్చింది, ఎగువన కుండపోత వానకి చెరువు గట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎలా తెగాయి. మూడోది: మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపిస్తే ఆయన ఏం సలహా ఇచ్చారు. నాలుగోది: ఆ సలహాతో ఏం కట్టారు, మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు.

మొదట ఒకే చీటీ ఉన్న పిల్లలంతా ఒక మూల చేరి తమ ముక్కని అర్థం చేసుకోవాలి, దానికి పది నిమిషాలు. తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్లు వెళ్లి మిగతా ముగ్గురికి చెప్పాలి, పదిహేను నిమిషాలు. చివర ఐదు ప్రశ్నలు, ఎవరికి వారే రాయాలి, పక్క చూపు చూడకుండా. ఆ చివరి ముక్క లేకపోతే ఎవరూ ఎవరి మాటా వినరు.

ఆ రోజు మొదటి చీటీ వచ్చినవాళ్లలో ఏడాదంతా "ప్రెజెంట్ టీచర్" తప్ప ఇంకో మాట మాట్లాడని అమ్మాయి ఉంది. చీటీ చూసి చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, "ఈ చెట్టు నేను చూసిన. మా నానమ్మని ఉస్మానియాకి తీసుకపోయినప్పుడు" అంది. రాసుకుంటున్న ముగ్గురూ పెన్నులు పెట్టేశారు. "ఇంకా ఉందా?" "ఎంత పెద్దగుంటది?" "నూటయాభై మంది ఎట్ల పడ్తరే?" ఆ పిల్ల చేతులు చాపి చూపించింది. టైమ్ అయిపోయిందని నేను చెయ్యెత్తితే ఆ గ్రూపు చూడనే లేదు.

దెబ్బతినేది ఎక్కడంటే, ఆబ్సెంట్ల దగ్గర. మూడో చీటీ పిల్లకి జ్వరం వస్తే ఆ గ్రూపుకి విశ్వేశ్వరయ్య లేనట్టే. అందుకని ఐదుగురి గ్రూపు చేసి, కష్టమైన చీటీని ఇద్దరికి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను.

ప్రాజెక్టంతా మా పాపే చేస్తోంది. ఏమీ చేయనివాళ్లకీ అవే మార్కులు. ఇదేం న్యాయం?

న్యాయం కాదు. తప్పు పిల్లలది మాత్రం కాదు, మార్కులు వేసే పద్ధతిది. 1979లో బిబ్ లతానే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు మనుషుల్ని చప్పట్లు కొట్టమని, గట్టిగా అరవమని చెప్పి కొలిచారు. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరి చప్పుడు తగ్గింది. తర్వాతి ప్రయోగంలో, ఎవరెంత అరిచారో విడిగా తెలుస్తుందని చెప్తే మళ్లీ పెరిగింది. మందు అందులోనే ఉంది. ఎవరి వాటా ఎంతో కనబడాలి.

మన రాష్ట్ర బళ్లలో నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, లఘు పరీక్షతో పాటు ప్రాజెక్టు పనులకీ మార్కులున్నాయి. ఆ మార్కుల్లో సగం గ్రూపుకి, సగం మనిషికి వేయమని టీచర్‌ని అడగండి. మనిషికి వేయడం ఎలాగంటే, గ్రూపులో ఎవరినైనా లేపి "ఈ బొమ్మ ఇక్కడెందుకు పెట్టారు?" అని అడగడమే. ఎవరిని లేపుతారో తెలియదు కాబట్టి, చేసిన పిల్ల చేయని పిల్లకి నేర్పక తప్పదు.

అవతలి పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేయకండి. దానివల్ల అపార్ట్‌మెంట్‌లో రెండు నెలలు లిఫ్ట్‌లో మాటల్లేకుండా పోతాయి, ప్రాజెక్టులో మార్పేమీ రాదు. ఇంకోటి, కాస్త చేదుగా ఉంటుంది. "వాళ్లకి నీట్‌గా రాదమ్మా, నేనే రాసేస్తా" అని మీ పాప అంటోందేమో గమనించండి. పని చేయనివ్వని పిల్ల కూడా గ్రూపుకి బరువే.

రాత్రి పదింటికి "రేపు మోడల్ తీసుకురావాలి" అంటాడు. మేం చేసి ఇవ్వొచ్చా?

థర్మోకోల్ కొనిపెట్టండి, కత్తెర పట్టుకోకండి. వంకరగా ఉన్న అగ్నిపర్వతం తీసుకెళ్లనివ్వండి. తల్లిదండ్రులు చేసిన మోడల్ ఏదో ప్రతి టీచర్‌కీ గుమ్మంలోంచే తెలుస్తుంది, మొహమాటానికి పైకి అనరంతే.

మా బాబు గ్రూపులో నోరు విప్పడు. బలవంతం చేయాలా?

బలవంతం వద్దు, వరస మార్చండి. నలుగురి ముందు మాట్లాడమనే ముందు ఒక్కరితో మాట్లాడనివ్వాలి, అంతకంటే ముందు కాగితం మీద రాయనివ్వాలి. తన కాగితం పక్కవాడు చదివి వినిపించినా అది తన మాటే. మౌనంగా ఉండే పిల్లలు చాలామంది వింటూ ఉంటారు. గ్రూపుకి వినేవాళ్లు కూడా కావాలి. అయితే మౌనానికి కారణం వెక్కిరింపు అయితే మాత్రం ఊరుకోకూడదు, ఆ రోజే టీచర్‌కి చెప్పండి.

## బీటెక్ ప్రాజెక్టు దగ్గర

మా బ్యాచ్‌లో నలుగురం. కోడంతా ఒక్కడే రాస్తున్నాడు, మేం డాక్యుమెంటేషన్, పీపీటీ చూసుకుంటున్నాం. అది టీమ్ వర్కే కదా అన్నా?

అన్నని కాదు, అక్కని. అది టీమ్ వర్క్ కూడా కాదు. పని పంచుకోవడం వేరు, కలిసి చేయడం వేరు. నలుగురూ నాలుగు వంటకాలు తెచ్చుకుని ఒకే బల్ల మీద తిన్నట్టు ఉంది మీ పని. తప్పేమీ లేదు, కానీ ఒకరి వంట ఇంకొకరికి రాదు.

చేయాల్సింది చిన్నదే. నెలకోసారి పనులు తిప్పుకోండి. కోడ్ రాసేవాడి పక్కన ఇంకొకరు కూర్చోండి, కీబోర్డు మాత్రం రానివాళ్ల చేతిలో ఉండాలి, వచ్చినవాడు నోటితో చెప్పాలి. మొదటి రోజు ఇద్దరికీ విసుగొస్తుంది. గిట్‌లో (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్) నలుగురి పేర్ల మీదా కమిట్లు, అంటే చేర్చిన మార్పులు, కనబడేలా చూసుకోండి. వైవాలో బయటి కాలేజీ ఎగ్జామినర్ వచ్చి "ఈ మాడ్యూల్ ఎవరు చేశారు?" అని అడిగినప్పుడు ముగ్గురు ఒకడి మొహం చూడటం నేను కళ్లారా చూశాను. ఆ ఒకడికీ మంచి మార్కులు రాలేదు.

అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయి. అందరూ కొంటున్నారు, మేం కొంటే ఏం పోయింది?

డబ్బులు పోతాయి. ఇంకోటి కూడా పోతుంది. ఇంటర్వ్యూలో "మీ టీమ్‌లో ఎప్పుడైనా అభిప్రాయ భేదం వచ్చిందా, ఎలా తేల్చుకున్నారు?" అని అడుగుతాం. కొన్న ప్రాజెక్టులో కొట్లాటలుండవు. అప్పుడు పిల్లలు కథ అల్లుతారు, మూడో ప్రశ్నకి దొరికిపోతారు. చిన్న ప్రాజెక్టు, సగమే పనిచేసేది, మీరే చేసింది తీసుకురండి.

జీడీలో (గ్రూప్ డిస్కషన్‌లో) ఎక్కువ మాట్లాడినవాళ్లకే ఛాన్స్ వస్తుందా?

నేను కూర్చున్న ప్యానెళ్లలో అలా ఇవ్వలేదు. ఎవరైనా సగంలో ఆగిపోయిన మాటని "తను చెప్పేది పూర్తి చేయనివ్వండి" అని నిలబెట్టినవాళ్ల పేరు పక్కన టిక్ పెట్టుకుంటాం.

## ఆఫీసులో

డౌట్ అడిగితే "వీడికేం రాదు" అనుకుంటారేమోనని భయం. ఎలా?

ఆ భయం నాకూ ఉండేది. స్కూలు వదిలి కంపెనీలో చేరిన రెండో నెలలో ఒక మీటింగ్‌లో "రిలీజ్ వీక్" అనే మాట పదిసార్లు వినిపించింది. అదేమిటో తెలియదు. అడగడానికి సిగ్గేసి తల ఊపాను. సరిగ్గా ఆ వారంలోనే నలభై మందికి ట్రైనింగ్ పెట్టాను. హాలు బుక్ చేశాను, సమోసాలు చెప్పాను. ముగ్గురొచ్చారు. మిగతా ముప్ఫై ఏడుగురూ రాత్రింబవళ్లు రిలీజ్ పనిలో, అంటే తయారైన సాఫ్ట్‌వేర్‌ని బయటికి విడుదల చేసే పనిలో ఉన్నారు. సమోసాలు సెక్యూరిటీ వాళ్లకి పంచాం.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో నర్సుల బృందాల్ని పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే, వాళ్లు ఎక్కువ పొరపాట్లు చేయడం లేదు, చేసినవి దాచకుండా చెప్తున్నారు. మిగతాచోట్ల దాచేస్తున్నారు. బృందంలో భయం లేకుండా మాట్లాడగలగడం మీద 1999లో ఆమె రాసిన పరిశోధన ఇప్పుడు ట్రైనింగ్ క్లాసుల్లో బాగా వినబడుతుంది.

ఫ్రెషర్‌గా మీరు చేయగలిగింది: డౌట్‌ని ఒట్టి "అర్థం కాలేదు" అని అడక్కండి. "ఇక్కడిదాకా వచ్చాను, ఇది ప్రయత్నించాను, ఇక్కడ ఆగింది" అని అడగండి. మేనేజర్‌గా మీరు చేయగలిగింది ఇంకా పెద్దది. నెలకోసారైనా టీమ్ ముందు "ఇది నాకు తెలియదు, ఎవరైనా చెప్తారా?" అనండి. సార్, మేడమ్ అని పిలిపించుకునే అలవాటున్న చోట ఆ ఒక్క మాట కింద ఉన్నవాళ్లకి పెద్ద ధైర్యం.

రోజూ స్టాండప్ అనే చిన్న మీటింగ్‌లో "నిన్న ఇది చేశా, ఇవాళ ఇది చేస్తా" అని అప్పజెప్పడమేనా? దీనివల్ల ఏం లాభం?

మేనేజర్‌కి అప్పజెప్తుంటే లాభం లేదు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు వాడే స్క్రమ్ అనే పని పద్ధతిలో అది 15 నిమిషాలు మించకూడదు, అది పనిచేసేవాళ్లు తమలో తాము ఆ రోజు ఎలా నడవాలో చూసుకోవడానికి పెట్టింది. "ఎవరి వల్ల ఎవరి పని ఆగింది?" అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. చాలా రోజులు ఆరు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రాజెక్టు లేటయిందని ఇంకో నలుగుర్ని ఇచ్చారు. ఇప్పుడు ఇంకా లేటవుతోంది. మా తప్పా?

కాదు. ఐబీఎమ్‌లో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. వచ్చినవాళ్లకి నేర్పడానికి పని తెలిసినవాళ్ల టైమే పోతుంది. ఆరుగురు పదిమంది అయ్యేసరికి మాట్లాడుకోవాల్సిన జతలు పదిహేను నుంచి నలభై ఐదుకి పెరుగుతాయి. కొత్తవాళ్లని వెనక్కి పంపలేరు కాబట్టి, వాళ్లకి విడిగా, పాతదానితో ముడిపడని పని ఇవ్వండి. టెస్టింగ్ ఉంటే మరీ మంచిది.

ఐడియాలు చెప్పండంటారు, సీనియర్ ఏదంటే అందరూ దానికే ఓకే అంటారు. అలాంటప్పుడు మీటింగ్ ఎందుకు?

ఎందుకూ లేదు, మెయిల్ పెడితే సరిపోయేది. 1950లలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గీతల్లో ఏది సమానమో చెప్పమని మనుషుల్ని అడిగారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన ప్రశ్న. చుట్టూ ఉన్నవాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెప్తే, చాలామంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. ఇక అప్రైజల్ ఇచ్చే మనిషి ముందు కూర్చున్నప్పుడు వేరే చెప్పాలా?

దారి ఒకటుంది. మీటింగ్ మొదట్లో ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా ఎవరి ఐడియాలు వాళ్లు రాయాలి. చీటీలన్నీ కలిపి పేర్లు లేకుండా చదవాలి. సీనియర్ చివర మాట్లాడాలి. 1958లో యేల్ యూనివర్సిటీలో పోల్చి చూసినప్పుడు కూడా, కలిసి కూర్చుని ఐడియాలు చెప్పుకున్నవాళ్ల కంటే విడివిడిగా రాసి తర్వాత కలిపినవాళ్ల దగ్గరే ఎక్కువ ఐడియాలు వచ్చాయి.

నేను చేసిన పనిని టీమ్‌మేట్ తనదని చెప్పుకుంటున్నాడు. గొడవ పడాలా?

మొదటిసారి పొరపాటనుకోండి, టీ తాగడానికి బయటికి తీసుకెళ్లి నేరుగా చెప్పండి. రెండోసారి నుంచి, వారం చివర టీమ్ మొత్తానికీ "ఈ వారం ఎవరు ఏం పూర్తి చేశారు" అని చిన్న మెయిల్ మీరే పెట్టండి, అందరి పేర్లతో, అతని పేరుతో సహా. మూడోసారి మేనేజర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ మెయిళ్లే మాట్లాడతాయి.

మొయినాబాద్ రిసార్ట్‌కి టీమ్ అవుటింగ్ పెడుతున్నారు. దానివల్ల టీమ్ వర్క్ వస్తుందా?

రాదు. బిర్యానీ వస్తుంది. అది కూడా మంచిదే, వెళ్లి రండి.

మనవాళ్లకి కలిసి పనిచేయడం చేతకాదంటారు. నిజమేనా?

ఈ మాట అన్నవాళ్లని వినాయక చవితికి మా బస్తీకి తీసుకురావాలనిపిస్తుంది. నెల ముందు చందా పుస్తకం పట్టుకుని ఇద్దరు గడప గడపకీ తిరుగుతారు. ఒక్కరు తిరిగితే అనుమానం, ముగ్గురు తిరిగితే దండగ, అందుకే ఇద్దరు. ధూల్‌పేటకి విగ్రహం కోసం వెళ్లేవాళ్లు వేరు, కరెంటు చూసేవాడు వేరు, రాత్రి మండపంలో పడుకునేవాళ్లకి వంతులు వేరు. పదేళ్ల పిల్లలకి కూడా చెప్పుల కాపలా ఉంటుంది. ఏ ఒక్కరు రాకపోయినా వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ పని ఇంకెవరూ చేయరు. నిమజ్జనం అయిన వారానికి జమాఖర్చులు తెల్లకాగితం మీద రాసి గోడకి అంటిస్తారు. లడ్డూ వేలం ఎంతకి పోయిందో మొదటి వరసలో ఉంటుంది. ఖైరతాబాద్‌లో వినాయకుడి ఉత్సవం 1954 నుంచి, బాలాపూర్‌లో లడ్డూ వేలం, 450 రూపాయలకి పోయిన 1994 నుంచి, నడుస్తూనే ఉన్నాయి కదా. కమిటీలు చీలిపోవూ అంటారా, చీలతాయి. లెక్క గోడకెక్కని ఏడాది తర్వాత ఒకే గల్లీలో రెండు మండపాలు లేస్తాయి.

పొదుపు సంఘాలు చూడండి. పది, పదిహేను మంది ఆడవాళ్లు, అందరి ముందూ డబ్బు కట్టడం, అందరి ముందూ పుస్తకంలో రాయడం. ఏ ట్రైనింగ్ క్లాసులోనూ నేను అంతకంటే మంచి ఏర్పాటు చూపించలేదు. మనవాళ్లకి చేతకాదని కాదు, ఆఫీసుకి రాగానే ఆ తెలివిని బైక్ పార్కింగ్‌లోనే వదిలేస్తున్నాం.

## గొడవలొచ్చినప్పుడు, అయిపోయాక

గ్రూపు మొదలై రెండు వారాలే అయింది, అప్పుడే కొట్లాటలు. గ్రూపు మార్చేయాలా?

ఆగండి. మొదటి వారం అందరూ మర్యాదగా ఉంటారు, రెండు మూడు వారాలకి అసలు మనుషులు బయటికొస్తారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో గ్రూపుల దశల్ని వరస పెట్టినప్పుడు ఈ కొట్లాట దశని రెండోదిగా పెట్టారు. పని గురించిన గొడవైతే నడవనివ్వండి. మనిషి గురించిన గొడవైతే, అంటే కులం, ఊరు, భాష, రంగు మాటల్లోకి వస్తే, ఆ క్షణమే ఆపండి.

ప్రాజెక్టు అయిపోయింది, మార్కులొచ్చాయి. ఇంకా మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం ఎందుకు?

ఇరవై నిమిషాలు చాలు. ఏది కుదిరింది, ఏది కుదరలేదు, వచ్చేసారి ఒక్కటి మార్చుకోవాలంటే ఏది. పేర్లు పెట్టి తిట్టుకోవద్దని ముందే చెప్పండి. ఎనిమిదో తరగతి పిల్లలు ఒకసారి రాసింది నాకు గుర్తుంది: "జిగురు డబ్బా ఒకటే తెచ్చాం, అందుకే లేటయింది." పెద్దవాళ్ల రిపోర్టుల్లో ఇంత సూటిగా కారణం రాసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

టీచర్, చేసిన మోడల్ ఎవరింటికి తీసుకెళ్లాలి? నలుగురూ మాకే కావాలంటున్నారు.

చీటీలు వేయండి. మిగతా ముగ్గురూ దాని పక్కన నిలబడి ఫోటో దిగండి.